బావి దగ్గర ఆగాలి

ప్రియమైన పిల్లలకు,

తమ్ముడు బడిలో కథల పోటీకి పేరిచ్చాడని, వాడికి మీరిద్దరే నేర్పిస్తున్నారని తెలిసి ఎంత సంతోషించానో! కానీ కథంతా కాగితం మీద రాసి బట్టీ పట్టిస్తున్నామన్నారు చూడండి, అది విన్నప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు.

ఆ కాగితం పక్కన పెట్టేయండి. చిన్నప్పుడు నేనూ ఒక కథను అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టి వేదిక ఎక్కాను. మధ్యలో ఒక్క మాట గుర్తు రాలేదు. తర్వాత ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు, అయినా నోరు పెగల్లేదు. అదే కథను బొమ్మలుగా మనసులో చూసుకున్న పిల్లవాడైతే ఒక మాట మరిచిపోయినా ఇంకో మాటతో నెట్టుకొచ్చేస్తాడు.

వాడు ఎంచుకున్నది సింహం, కుందేలు కథ కదా. ఒక కాగితాన్ని ఆరు గళ్లు చేసి ఇవ్వండి. సింహం దొరికినదాన్నల్లా చంపడం, జంతువులు రోజుకొకటి చొప్పున తామే వస్తామని ఒప్పుకోవడం, కుందేలు వంతు రావడం, అది ఆలస్యంగా వెళ్లి దారిలో ఇంకో సింహం ఆపిందని చెప్పడం, బావి, సింహం దూకడం. బొమ్మలు వాడే గీయాలి. మీరు గీసిస్తే వాడికి గుర్తుండవు. ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి సొంత మాటల్లో చెప్పమనండి. రోజూ మాటలు కొంచెం మారుతుంటాయి, మారనివ్వండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా రావాలి. మొదట్లో తడబడకపోతే సగం భయం పోతుంది. చివరిది తెలిస్తే "అంతే" అని నసుగుతూ దిగిపోడు.

ఇక బావి దగ్గరకొద్దాం. కథ ప్రాణమంతా అక్కడే ఉంది, పిల్లలేమో అక్కడే పరిగెత్తేస్తారు. "సింహం బావిలోకి తొంగి చూసింది" అన్నాక వాణ్ణి నిజంగా వంగి కిందికి చూడమనండి. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టుకోవాలి. వింటున్నవాళ్లు కూడా ఆ బావిలోకి చూసేది ఆ రెండు సెకన్లలోనే. అప్పుడు గర్జించాలి, మైకుకు కాస్త వెనక్కి జరిగి. మైకులో మూతి పెట్టి అరిస్తే గరగర తప్ప ఏమీ వినపడదు. ఆ వెంటనే బావిలోంచి అదే గర్జన తిరిగి రావాలి కదా, అది లోగొంతుకతో. ఈ ఒక్క చోటు పదిసార్లు చేయించినా వాడికి ఆటలాగే ఉంటుంది. మిగతా చోట్ల ఇంత అభినయం వద్దు. ప్రతి మాటకీ చేతులు తిప్పే పిల్లలను చూస్తే నాకు జాలేస్తుంది.

పోటీలో 3 నిమిషాలిస్తే ఇంట్లో రెండున్నర నిమిషాలకే ముగిసేలా చూడండి. జనం నవ్వినా, వాడు ఒకచోట ఆగినా ఆ అరనిమిషం ఆదుకుంటుంది. ప్రాక్టీసు పొద్దున 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు చాలు. ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెట్టొద్దు. రోజూ కొంచెం కొంచెం చెప్పుకుని రాత్రి బాగా నిద్రపోతే బాగా గుర్తుంటుంది.

వాడు చెబుతుంటే మధ్యలో దిద్దకండి. మీ ఇద్దరికీ ఇదే కష్టం, నాకు తెలుసు. అయ్యేదాకా వాడి మొహం చూస్తూ వినండి. ముందు మీకు నిజంగా నచ్చింది చెప్పండి, ఆ తర్వాత ఒక్కటంటే ఒక్క తప్పు.

వేదిక ఎక్కే ముందు గుండె దడదడలాడుతుంది. భయమేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, ఆ దడ దానివల్లే. "టెన్షన్ పడకు" అంటే తగ్గదు. నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలమనండి. నాలుగైదు సార్లు చేస్తే కుదుటపడతాడు. మరిచిపోతే ఏం చేయాలో కూడా ఇంట్లోనే ఆడించండి. మీరు ఉన్నట్టుండి చప్పట్లు కొట్టి ఆపాలి, వాడు ఏ గడిలో ఉన్నాడో తలుచుకుని అక్కణ్ణించే అందుకోవాలి.

పోటీ అయిన రోజు రాత్రి వాడిచేత నాకు ఫోన్ చేయించండి. ప్రైజు సంగతి తర్వాత. ముందు కథ చెప్పమనండి. బావి దగ్గర ఎంతసేపు ఆగుతాడో వినాలని ఉంది.

ప్రేమతో,
మీ అమ్మమ్మ