అన్నా పావ్లోవా సంతకం: అపోహలు - వాస్తవాలు

రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా సంతకం ఉన్న ఫొటో చేతికి రాగానే నేను ముందు దాన్ని వెనక్కి తిప్పుతాను. స్టూడియో ముద్ర, ఆల్బమ్‌లో అంటించినప్పటి జిగురు మరక, ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న ఊరి పేరు, ఇవన్నీ చదివాకే సంతకం దగ్గరికి వస్తాను. లండన్‌లో పాత ఉత్తరాలు, థియేటర్ ప్రోగ్రాం పుస్తకాలు, సంతకాలు కొని అమ్మడం నా పని. ఈ మధ్య మనవాళ్ల నుంచి కూడా వాట్సాప్‌లో ఫొటోలు వస్తున్నాయి. మొన్న విజయవాడ నుంచి ఒకావిడ పంపారు: "మా తాతగారు బొంబాయిలో ఉద్యోగం చేసినప్పటిదండీ, పెట్టెలో దొరికింది. లక్షలు పలుకుతుందట కదా?" ఆవిడతో మాట్లాడిన తర్వాత, అందరూ అడిగేవాటికి ఒక్కచోటే జవాబులు రాయాలనిపించింది.

అపోహ: అంత పేరున్న నర్తకి కాబట్టి సంతకం ఏదైనా లక్షలే.

పేరుకూ ధరకూ సూటి లెక్క లేదు. ఎన్ని దొరుకుతున్నాయన్నదే అసలు లెక్క.

పావ్లోవా 1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. తల్లి బట్టలు ఉతికి బతికిన మనిషి. పదేళ్ల వయసులో ఇంపీరియల్ బ్యాలే స్కూల్లో చేరి, 1899లో మారిన్‌స్కీ థియేటర్‌కు వచ్చి, 1906 నాటికి అక్కడ ప్రధాన నర్తకి అయ్యారు. అక్కడే ఉండిపోయి ఉంటే ఆమె సంతకాలు ఇవాళ చాలా అరుదుగా దొరికేవి. కానీ ఆమె సొంత బృందం కట్టుకుని అమెరికా, దక్షిణ అమెరికా, జపాన్, ఇండియా, ఆస్ట్రేలియా అంటూ దాదాపు 20 ఏళ్లు ఊరూరూ తిరిగారు. బ్యాలే అంటే ఏమిటో తెలియని ఊళ్లలో కూడా ఆడారు. వెళ్లిన ప్రతిచోటా జనం ఆల్బమ్‌లు పట్టుకుని నిలబడ్డారు, ఆమె సంతకాలు పెట్టారు. అందుకే మామూలు ఆల్బమ్ పేజీ, చిన్న ఫొటో లాంటివి ఇప్పటికీ వందల డాలర్లలోనే అమ్ముడవుతాయి.

ఆమె కాలపు మరో రష్యన్ బ్యాలే నర్తకుడు నిజిన్‌స్కీతో పోల్చి చూడండి. మానసిక అనారోగ్యంతో 1919లోనే ఆయన నాట్య జీవితం ఆగిపోయింది. ఆయన సంతకం మార్కెట్‌లోకి రావడమే అరుదు, ధర కూడా పావ్లోవా కంటే చాలా ఎక్కువ. పావ్లోవాలో ధర పెరిగేది వేరే చోట: హంస వేషంలో ఉన్న పెద్ద ఫొటో మీద సంతకం, నాట్యం గురించి నాలుగు మాటలు రాసిన ఉత్తరం, ఆమెదేనని రుజువున్న పాయింట్ షూ (బ్యాలేలో వేలికొసల మీద నిలబడేందుకు వేసుకునే బూటు).

అపోహ: ఆ హంస ఫొటోలన్నీ 'స్వాన్ లేక్' లోవి.

కాదు. 'స్వాన్ లేక్' చైకోవ్‌స్కీ సంగీతంతో సాగే పెద్ద బ్యాలే. పావ్లోవాను ప్రపంచానికి గుర్తుండిపోయేలా చేసింది నాట్య దర్శకుడు ఫోకిన్ ఆమె కోసమే కూర్చిన చిన్న ఏకపాత్ర నాట్యం 'ది డయింగ్ స్వాన్', ఫ్రెంచ్ స్వరకర్త సాన్‌సాన్స్ సంగీతానికి. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. చనిపోతున్న హంస అంతే. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి రాశారంటే, మిగతా వివరాలు కూడా వాళ్లు సరిచూసుకోలేదని నాకు అనుమానం వస్తుంది.

అపోహ: అసలు సంతకాలన్నీ ఒకేలా ఉంటాయి. రష్యన్‌లో లేకపోతే నకిలీ.

ఆమె రెండు లిపుల్లోనూ సంతకం చేశారు. పశ్చిమ దేశాల అభిమానులకు ఇచ్చినవి ఎక్కువగా రోమన్ లిపిలోనే కనిపిస్తాయి. రెండు గంటలు ఆడి అలిసిపోయిన చేత్తో, స్టేజీ తలుపు దగ్గర నిలబడి పెట్టిన సంతకం వేరు. తీరిగ్గా బల్ల ముందు కూర్చుని పెట్టింది వేరు. నిజానికి రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే గీతకు గీత సరిపోయాయంటే అప్పుడే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఎవరో దిద్ది రాశారన్నమాట. దిద్దిన గీత నెమ్మదిగా నడుస్తుంది, మధ్యలో కలం ఆగిన చోట సిరా చుక్క కడుతుంది.

అపోహ: కాగితం పాతదైతే సంతకం కూడా పాతదే.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పాత పుస్తకాల చివర్లో ఖాళీ పేజీలుంటాయి. నకిలీ చేసేవాళ్లకు అవే ముడిసరుకు. సంతకం లేని అసలైన పాత పావ్లోవా పోస్ట్‌కార్డు కొని దానిమీద ఇవాళ సంతకం గీకేవాళ్లూ ఉన్నారు.

నేను వరసగా చూసేవి ఇవి. బాల్‌పాయింట్ పెన్ను గీత అయితే ఇక మాటే లేదు. ఆమె 1931 జనవరి 23న నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో చనిపోయారు. బాల్‌పాయింట్ పెన్నులు జనం చేతికి వచ్చింది 1945 ప్రాంతంలో. తర్వాత యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్. 1950 తర్వాత తయారైన చాలా కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది. మెరిస్తే పక్కన పెట్టేస్తాను. మెరవకపోయినంత మాత్రాన అసలుదని చెప్పను. ఆ తర్వాత కాగితం మడత. సంతకం చేశాక మడత పడితే ఆ చోట సిరా కూడా చిట్లుతుంది. ముందే మడత ఉండి తర్వాత సంతకం చేస్తే సిరా ఆ చీలికలోకి దిగి పక్కలకు పాకుతుంది. భూతద్దంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

చివరిగా ఆమె ఎప్పుడు ఎక్కడ ఉన్నారన్నది. 1914 తర్వాత ఆమె రష్యాకు తిరిగి వెళ్లలేదు. ఇండియాకు వచ్చింది 1922-23లో ఒకసారి, 1928-29లో మరోసారి. "బొంబాయి, 1925" అని రాసి ఉన్న కార్డు ఎంత అందంగా ఉన్నా నేను కొనను.

అపోహ: సంతకం కనిపిస్తోంది కాబట్టి చేత్తో పెట్టిందే.

ఆ రోజుల ప్రోగ్రాం పుస్తకాల్లో, పోస్ట్‌కార్డుల్లో సంతకాన్ని ఫొటోతో పాటే అచ్చు వేసేవారు. వెలుగుకు ఏటవాలుగా పెట్టి చూడండి. కలంతో రాసిన సిరా కాగితం మీద విడిగా కనిపిస్తుంది, అచ్చులో సంతకం, బొమ్మ ఒకే పొరలో కలిసిపోతాయి. చాలామంది ఇళ్లలో తరాలుగా దాచుకున్నవి ఇలాంటివే. ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకూ బాధగానే ఉంటుంది.

అపోహ: ఫొటోలో పాదం దగ్గర దిద్దిన గుర్తులున్నాయి కాబట్టి ఫొటో నకిలీ.

ఒక మంచి ఫొటోను ఈ కారణంతోనే కాదనుకున్న కొనుగోలుదారుణ్ణి నేను చూశాను. ఆమె పాదం వంపు చాలా ఎక్కువ, చీలమండలు సన్నం. అందుకే తన పాయింట్ షూస్ అడుగున గట్టి తోలు వేయించుకునేవారు, కొనను కాస్త వెడల్పు చేయించుకునేవారు. ఫొటోలో మాత్రం ఆ కొన సూదిలా కనిపించాలని దిద్దించేవారు. కాబట్టి వేలికొసల దగ్గర బ్రష్షుతో చెరిపిన గీత కనిపిస్తే కంగారు పడకండి. అది ఆమె కాలపు పనే కావచ్చు. ఆ దిద్దుబాటులో, తన నాట్యం జనం కళ్లలో ఎలా నిలవాలో పట్టుబట్టి చూసుకున్న మనిషి నాకు కనిపిస్తుంది.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే చాలు.

సర్టిఫికెట్ కూడా కాగితమే, ఎవరైనా అచ్చు వేయొచ్చు. ఇచ్చింది ఎవరు, తప్పని తేలితే డబ్బు వెనక్కి ఇస్తారా, వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఈ మూడూ అడగండి.

అపోహ: లామినేషన్ చేయిస్తే పదిలంగా ఉంటుంది.

దయచేసి చేయించకండి. ఆ వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా తీయడం దాదాపు అసాధ్యం. వెలిసిపోయిందని సిరాను పైనుంచి దిద్దడం ఇంకా ఘోరం. ఒకసారి ఒక పెద్దాయన ఎంతో ప్రేమతో తల్లి ఆల్బమ్ తెచ్చారు. అన్నీ అసలైనవే. పావ్లోవా పేరు మీద మాత్రం మనవడు జెల్ పెన్నుతో దిద్దాడు. ఆ పేజీని నేను అమ్మలేకపోయాను. యాసిడ్ లేని కాగితం మధ్య, ఎండ తగలని చోట పడుకోబెట్టి ఉంచితే చాలు.

అపోహ: ఇండియాకు సంబంధించినవి ఇక్కడ ఎవరికీ పట్టవు.

సరిగ్గా వాటి కోసమే నేను ఎదురుచూస్తుంటాను. 1923లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ థియేటర్లో రాధగా పావ్లోవా, కృష్ణుడిగా మన నర్తకుడు ఉదయ్ శంకర్ నాట్యం చేశారు. 1928లో ఆమెను బొంబాయిలో చూసిన రుక్మిణీ దేవి, తర్వాత ఓడలో ఆమెతో స్నేహం కలిసి బ్యాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. మీ దేశపు నాట్యం వైపు చూడమని ఆమెకు చెప్పింది పావ్లోవానే. 1936లో రుక్మిణీ దేవి మద్రాసులో పెట్టిన నాట్య విద్యాలయం కళాక్షేత్ర పుట్టడం వెనుక ఆ స్నేహం ఉంది. పావ్లోవా, ఉదయ్ శంకర్ ఇద్దరూ సంతకం చేసిన ఒక్క ప్రోగ్రాం పుస్తకమైనా నా చేతుల్లో పట్టుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక.

అపోహ: దొరికింది మన ఇంట్లోనే కదా, కొరియర్‌లో లండన్ పంపేయొచ్చు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, పత్రాలు పురావస్తువులే. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. మీ కాగితం ఆ కోవలోకి వస్తుందో రాదో తేల్చాల్సింది పురావస్తు శాఖ. రాదని వాళ్లు రాసిస్తేనే పంపాలి. విజయవాడ ఆవిడ పంపిన ఫొటోలో సిరా చేత్తో పెట్టినట్టే కనిపిస్తోంది, వెనకాల పెన్సిల్‌తో 1928 అని ఉంది. కానీ వాట్సాప్ ఫొటో చూసి నేను ధర చెప్పను. "ముందు పురావస్తు శాఖ వాళ్లకు చూపించండమ్మా, ఈలోపు లామినేషన్ మాత్రం చేయించకండి" అని చెప్పాను.