పనామా కాలువ గొడవ: ముడి పడింది 1903 నవంబర్ 18 సాయంత్రం

2025 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే ట్రంప్ పనామా కాలువని వెనక్కి తీసుకుంటాం అన్నాడు, అప్పట్నుంచి ఈ మంట ఆరినట్టే ఆరి మళ్ళీ రాజుకుంటోంది. మేం కట్టాం, అప్పటి మా అధ్యక్షుడు కార్టర్ అప్పనంగా ఇచ్చేశాడు, ఇప్పుడు చైనావాళ్ళు నడుపుతున్నారు, ఇదీ ఆయన వాదన. పనామా అధ్యక్షుడు ములీనోదేమో ప్రతి చదరపు మీటరూ మాదే అన్న మాట.

1821లో స్పెయిన్ నుంచి బయటపడి కొలంబియాలో కలవడం, ఫ్రెంచోళ్ళు తవ్వబోయి చేతులు కాల్చుకోవడం చాలామందికి తెలిసినవే, వదిలేద్దాం. నన్నడిగితే ఈ కథంతా 1903లోని పదిహేను రోజుల్లోనే ఉంది.

కాలువ కోసం అమెరికా రాసుకున్న ఒప్పందాన్ని ఆ ఏడాది ఆగస్టులో కొలంబియా సెనేట్ తిప్పికొట్టింది. నవంబర్ 2న అమెరికా యుద్ధనౌక నాష్‌విల్ అట్లాంటిక్ వైపున్న కోలోన్ రేవుకొచ్చి నిలబడింది, మర్నాడు పనామా సిటీలో తిరుగుబాటు. దాన్ని అణచడానికి కొలంబియా పంపిన దాదాపు 500 మంది సైనికులు కోలోన్‌లో దిగారు కానీ వాళ్ళని అవతలి ఒడ్డున ఉన్న పనామా సిటీకి చేర్చాల్సిన రైలు అమెరికన్ కంపెనీది. దాని సూపరింటెండెంట్ జనరల్స్‌ని మర్యాదగా ప్రత్యేక బోగీలో ఎక్కించి పంపేసి, సైనికులకి మాత్రం రైళ్ళు లేవన్నాడు. అక్కడ దిగిన జనరల్స్ నేరుగా అరెస్టయ్యారు. తిరుగుబాటు నాయకుడు అమడోర్ గెరెరో ఎవరనుకున్నారు, అదే రైలు కంపెనీ డాక్టరు! మూడు రోజుల్లో, నవంబర్ 6న, అమెరికా కొత్త దేశాన్ని గుర్తించేసింది. కొలంబియాకి దీనిమీద కోపం ఉండటం న్యాయమే, 1921లో అమెరికా 2.5 కోట్ల డాలర్లు ఇచ్చి సర్దిచెప్పింది.

పనామావాళ్ళకి మండేది మాత్రం తిరుగుబాటు గురించి కాదు, ఆ తర్వాత జరిగిన దాని గురించి. కొత్త దేశం తరఫున వాషింగ్టన్‌లో రాయబారిగా కూర్చున్నది బునౌ-వరీయా అనే ఫ్రెంచ్ ఇంజినీరు, పాత కాలువ కంపెనీలో వాటాలున్నోడు, ఆ కంపెనీ ఆస్తులు అమ్ముడైతే 4 కోట్ల డాలర్లు వస్తాయి. అమడోర్ బృందం ఓడలో, రైల్లో పడి వస్తుంటే వీళ్ళు చేరేలోపే, నవంబర్ 18 సాయంత్రం, అమెరికా విదేశాంగ మంత్రి జాన్ హే గారింట్లో కాలువ ఒప్పందంమీద సంతకం చేసేశాడు, ఆ రాత్రి స్టేషన్లో ఎదురెళ్ళి చల్లగా చెప్పాడు. డబ్బు కొలంబియాకి ఇస్తామన్నంతే, కోటి డాలర్లూ ఏడాదికి 2.5 లక్షలూ. కానీ కొలంబియాతో రాసుకున్న వందేళ్ళ లీజు కాస్తా శాశ్వతం అయింది, 6 మైళ్ళ వెడల్పు 10 మైళ్ళయింది, ఆ పట్టీలో అమెరికాకి 'సార్వభౌములైతే ఎలాగో అలా' అన్ని అధికారాలూ. దేశభక్తుడైన పనామావాడు అభ్యంతరం చెప్పే పాయింట్లు ఇందులో ఎన్నో ఉన్నాయని హే స్వయంగా ఒక సెనేటర్‌కి ఉత్తరం రాశాడు, ఇంకేం కావాలి. అమెరికా అండ పోతే కొలంబియా మళ్ళీ మీదపడుతుందన్న భయంతో పనామా డిసెంబర్ 2న ఒప్పుకుంది.

'మేం కట్టాం' అన్న మాటకొస్తే, ప్రమాణం రోజు ట్రంప్ 38,000 ప్రాణాలు పోయాయన్నాడు. అమెరికా తవ్విన కాలానికి అధికారిక లెక్క 5,600 చిల్లర, అందులో ఎక్కువమంది బార్బడోస్, జమైకా లాంటి దీవుల నల్లజాతి కూలీలు, అమెరికన్లు దాదాపు 350 మంది. డబ్బూ ఇంజినీరింగూ అమెరికావే, అది కాదనలేం.

కార్టర్ ఇచ్చేశాడనడం కూడా సగం కథే. 1964 జనవరి 9న అమెరికా చేతిలో ఉన్న ఆ పట్టీలోని బల్బోవా హైస్కూల్ దగ్గర తమ జెండా ఎగరేయడానికి పనామా విద్యార్థులు వెళ్తే తోపులాటలో ఆ జెండా చిరిగింది, తర్వాతి అల్లర్లలో 20 మందికి పైగా పనామావాళ్ళు, నలుగురు అమెరికన్ సైనికులు చనిపోయారు. పనామా సంబంధాలు తెంచుకుంది, బేరం అక్కడ్నుంచే మొదలు. 1977లో కార్టర్, పనామా నేత టొర్రీహోస్ కాలువ అప్పగింత ఒప్పందాలమీద సంతకాలు చేస్తే మర్నాటి ఏడాది అమెరికా సెనేట్ 68-32తో పాస్ చేసింది, 1999 డిసెంబర్ 31న కాలువ చేతులు మారింది. కాలువ తటస్థతని, అంటే అన్ని దేశాల ఓడలకీ సమానంగా తెరిచి ఉండటాన్ని, కాపాడే హక్కు మాత్రం అమెరికా ఉంచుకుంది, ఇవాళ్టి చైనా వాదన వేలాడేది ఆ కొక్కేనికే. 1997లో హాంకాంగ్ కంపెనీకి అప్పగించింది రెండు చివర్లా ఉన్న పోర్టులు, కాలువ కాదు, దాన్ని నడిపేది పనామా సొంత సంస్థే.

జెండా గొడవ జరిగిన ఆ హైస్కూల్ బిల్డింగ్ ఇప్పుడు ఆ సంస్థ ట్రైనింగ్ సెంటర్. దానికి పెట్టిన పేరు అస్కానియో అరోసెమేనా, 1964లో మొట్టమొదట తూటా తగిలి పోయిన కుర్రాడు.