స్పాన్సర్ చేస్తున్న బాలికను విదేశంలో కలుసుకోవడం: అపోహలు - వాస్తవాలు

దాతలకు, వారు చదివిస్తున్న పిల్లలకు మధ్య భేటీలు ఏర్పాటు చేయడం నా వృత్తి. మరో దేశంలోని ఒక బాలికకు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసినవారు ఆమెను, ఆమె బడిని కళ్లారా చూడాలనుకోవడం ఎంతో సహజం. అయితే ఆ ప్రయాణానికి ముందు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు తరచుగా కనిపిస్తాయి.

అపోహ: డబ్బు పంపేది నేనే కనుక ఎప్పుడైనా బడికి వెళ్లవచ్చు.

వాస్తవం: వెళ్లకూడదు. సాధారణంగా కొన్ని వారాల ముందే స్పాన్సర్‌షిప్ నడిపే సంస్థకు తెలియజేయాలి. పరీక్షలు, సెలవులు, వర్షాలకు తెగిపోయే దారులు చూసుకొని, తల్లిదండ్రులను, ప్రధానోపాధ్యాయులను, అన్నిటికంటే ముఖ్యంగా ఆ బాలికను అడిగి, ఆమె ఇష్టపడితేనే తేదీ ఖరారు చేస్తాం. ప్రయాణ ఖర్చులు సాధారణంగా దాతవే.

అపోహ: నేరచరిత్ర తనిఖీ అడగడమంటే నన్ను అనుమానించడమే.

వాస్తవం: ఈ మాట అన్నవారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ నియమం అందరికీ ఒక్కటే. దాతను ఒంటరిగా పిల్లల దగ్గర వదలకపోవడం, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోనివ్వకపోవడం కూడా ఇందులో భాగమే. ఎవరికైనా మినహాయింపు ఇస్తే, దుర్బుద్ధితో వచ్చేవాడు కూడా ఆ దారినే వస్తాడు.

అపోహ: బడిలో పెద్ద మార్పు కనిపించకపోతే డబ్బు వృథా అయినట్లే.

వాస్తవం: చాలా సంస్థలు దాతల సొమ్మును ఒక్క బాలికకే ఇవ్వకుండా, ఊరంతటికీ ఉపయోగపడే చదువు, నీరు, ఆరోగ్యం వంటి పనులకు కలిపి ఖర్చు చేస్తాయి, కొన్ని మాత్రం నేరుగా పిల్లలకే ఖర్చు పెడతాయి. మీ సంస్థది ఏ పద్ధతో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోండి. ఎలాగైనా, చదువు ఫలితం ఒక్క పూటలో కంటికి కనిపించేది కాదు. పిల్లలకు స్పాన్సర్‌షిప్ నడిపే కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కార్యక్రమంపై ఆరు దేశాల్లో జరిగి, 2013లో వెలువడిన అధ్యయనం, చిన్నతనంలో సహాయం పొంది పెద్దవారైన వారిని పరిశీలించి, సహాయం పొందనివారి కంటే వారు సుమారు 1 నుంచి 1.5 సంవత్సరాలు అదనంగా చదివారని తేల్చింది. పగిలిన నల్లబల్లను చూసి నిరాశపడేవారికి నేను ఈ విషయమే చెబుతాను.

అపోహ: నన్ను చూడగానే ఆ పాప పరుగెత్తుకొచ్చి హత్తుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ మంది పిల్లలు తలదించుకొని మౌనంగా నిలబడతారు. కొత్త మనిషి, కొత్త భాష, మధ్యలో దుబాసీ, చుట్టూ చూస్తున్న తోటి పిల్లలు, "బాగా మాట్లాడు" అని ఇంట్లో వాళ్లు చెప్పి పంపిన మాట, ఇవన్నీ ఒక్కసారిగా ఆ చిన్న మనసు మీద పడతాయి. దాన్ని కృతజ్ఞత లేకపోవడంగా భావించడం అన్యాయం. ప్రశ్నలు కురిపించకండి, ఆమె నోటు పుస్తకం చూపించమనండి, ఆమె ఆడే ఆట నేర్పమనండి, మీ ఇంటివాళ్ల ఫొటోలు చూపించండి. ముట్టుకోవడం, దగ్గరకు తీసుకోవడం ఆమె చొరవకే వదిలేయండి.

అపోహ: ఆమెకు ఖరీదైన కానుక ఇస్తే సంతోషిస్తుంది.

వాస్తవం: ఆ కానుక తోటి పిల్లల్లో అసూయను, ఇంట్లో ఇబ్బందిని తేవచ్చు. తరగతి అంతా వాడుకునే బంతి, కథల పుస్తకాలు మేలు. అవి కూడా సంస్థను అడిగిన తర్వాతే.

అపోహ: నా ఫొటోలు నా ఇష్టం.

వాస్తవం: 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లలకూ గోప్యత హక్కు ఉందని చెబుతోంది. అనుమతి తీసుకున్నా, ఆమె ముఖం, పూర్తి పేరు, బడి పేరు ఒకే చోట ఎన్నడూ పెట్టవద్దు; ఫోన్‌లో లొకేషన్ నమోదును బడి గేటు దాటే ముందే ఆపేయండి.