పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్: అపోహలు - వాస్తవాలు

నిజామాబాద్ జిల్లాలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చిన్న కేంద్రం నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది గల్ఫ్‌కు వెళ్లేవారే కాబట్టి, అపాయింట్‌మెంట్ ఒక్క వారం వెనక్కి జరిగినా వీసా గడువు వారికి గుండెల మీద కుంపటి అవుతుంది. ఆ ఆందోళనలో ఎవరేం చెప్పినా నమ్మేస్తున్నారన్నదే నా బాధ.

అపోహ: డబ్బిస్తే ఏజెంటు ముందు తేదీ ఇప్పిస్తాడు.
వాస్తవం: ఏజెంటు చూసేదీ మీరు చూసేదీ ఒకే పాస్‌పోర్టు సేవా పోర్టల్. పెద్దలకు 36 పేజీల సాధారణ పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. ఫారం నింపినందుకు మాలాంటివాళ్లం తీసుకునేది మా కూలి మాత్రమే. దానితో తేదీ ముందుకు రాదు. చిరునామా ‘గవ్ డాట్ ఇన్’ అని ముగియని వెబ్‌సైటులో రూపాయి కూడా కట్టకండి.

అపోహ: తత్కాల్ అయితే రేపే పిలుస్తారు.
వాస్తవం: తత్కాల్ స్లాట్లు వేరుగా ఉంటాయి, అవీ పరిమితమే. అదనంగా 2,000 రూపాయలు కట్టేందుకు సిద్ధపడినా ఫలానా రోజే స్లాటు దొరుకుతుందన్న హామీ లేదు.

అపోహ: స్లాటు దొరికితే సగం పని అయిపోయినట్టే.
వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మొదటిసారి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిన ఒక యువకుడు రోజు కూలి వదులుకుని, తెల్లవారుజామున బస్సెక్కి పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాడు. అతని పాత ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది, తేదీ లేదు. పదో తరగతి మెమో ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. వేలిముద్రలు, ఫొటో తీసుకునే ‘ఎ’ కౌంటర్ దగ్గరే అతనిని ఆపేశారు. మళ్లీ స్లాటు దొరికింది మూడు వారాల తర్వాత. ఆ మెమో పుట్టిన తేదీకే కాదు, ఈసీఆర్ (విదేశీ ఉద్యోగానికి ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అనే) ముద్ర పడకుండా ఉండటానికీ ఆధారం. అది చూపకపోతే గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేటప్పుడు ఆ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, తీసుకోవలసి వస్తుంది. నిబంధన ప్రకారం వెనక్కి పంపడాన్ని నేను తప్పుపట్టను గానీ, ఈ వివరాలు అపాయింట్‌మెంట్ సందేశంతో పాటే తేలికైన తెలుగులో అందితే ఎందరి కూలి రోజులో మిగులుతాయి. ఇంటిపేరు ఒక కాగితంలో ఒక్క అక్షరంగా, మరో దానిలో పూర్తిగా ఉంటే స్లాటు తీసుకోకముందే సరిచేయించుకోండి.

అపోహ: మన జిల్లాలోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికే వెళ్లాలి.
వాస్తవం: 2018 నుంచి దేశంలో ఏ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోనైనా దరఖాస్తు చేయవచ్చు. నిజామాబాద్‌లో తేదీ దూరంగా ఉంటే కరీంనగర్, హైదరాబాద్ కేంద్రాలూ, 2017 నుంచి పోస్టాఫీసుల్లో తెరుస్తూ వచ్చిన కేంద్రాలూ చూడండి. పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో రాసిన చిరునామాకే వస్తుంది.

అపోహ: డిక్లరేషన్లన్నీ నోటరీ చేయించాలి.
వాస్తవం: 2016 డిసెంబరులో సడలించిన నిబంధనల ప్రకారం తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే చాలు.