రాతి గొడ్డలి నుంచి కమ్మరి కొలిమి దాకా

రాతియుగం తర్వాత రాగి, ఆపైన కంచు, చివరికి ఇనుము వచ్చాయని మనం బడిలో చదువుకున్న వరుస పశ్చిమాసియాకూ ఐరోపాకూ బాగానే సరిపోతుంది. తుంగభద్ర, కృష్ణా నదుల పరిసరాల్లోని దక్కను పల్లెలకు మాత్రం అది అంతగా పొసగదు. ఇక్కడి నవీన శిలాయుగపు (నూరిన రాతి పనిముట్లు వాడుతూ పశువులను, పంటలను పెంచిన కాలపు) మనుషులకు రాగి తెలుసు గానీ, అది వాళ్ల చేతికి అందింది చాలా కొద్దిగానే. పనిముట్ల విషయంలో వాళ్లు దాదాపుగా రాతి నుంచే నేరుగా ఇనుములోకి అడుగుపెట్టారు. అందువల్ల లోహం సామాన్యుడి రోజువారీ బతుకును ఎలా మార్చిందో తెలుసుకోవడానికి మన నేల చాలా అనువైన చోటు.

ఇనుముకు ముందున్న బతుకు గురించి మనకు తెలిసింది తక్కువేమీ కాదు. పశువుల పేడ పోగులు పదేపదే కాలి ఏర్పడిన బూడిద దిబ్బలు ఆ కాలానికి గుర్తుగా నిలిచాయి. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వినప్పుడు పశువుల గిట్టల ముద్రలు సైతం బయటపడ్డాయి. ఆ జనం పశువులను మేపుతూనే అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండించుకునేవారు. వాళ్ల ముఖ్యమైన పనిముట్టు నల్లని డోలరైటు రాతి గొడ్డలి. బళ్లారి దగ్గర సంగనకల్లు కొండల్లో ఈ గొడ్డళ్లను పెద్ద ఎత్తున తయారుచేశారు. రాయిని పెచ్చులుగా కొట్టి రూపం తెచ్చి, మొనదేలిన రాళ్లతో సన్నగా పొడిచి, చివరికి బండ మీద నూరి నునుపు చేసేవారు. అలా నూరగా నూరగా పడిన గాళ్లు అక్కడి బండల మీద నేటికీ కనిపిస్తాయి.

రాతి గొడ్డలిని తక్కువ చేసి చూడకూడదు. నూరిన డోలరైటు అంచు చెట్టును నిక్షేపంగా నరుకుతుంది. అయితే రాయి వంగదు, సాగదు, దెబ్బ గట్టిగా తగిలితే విరుగుతుంది. అందువల్ల దానితో పొడవైన, పలుచని, వంపు తిరిగిన కోసే అంచును చేయడం సాధ్యం కాదు. విరిగిన రాతి ముక్కలను మళ్లీ అతికించే దారీ లేదు. ఇనుము మార్చింది ముఖ్యంగా ఈ రెండు విషయాలనే అని నా అభిప్రాయం.

ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆనాటి బట్టీలు అంత వేడిని ఇవ్వలేవు, ఇవ్వాల్సిన అవసరమూ లేకపోయింది. ముడి ఖనిజాన్ని బొగ్గుతో కలిపి బట్టీలో పేర్చి, తిత్తులతో గాలి ఊదితే, సుమారు 1200 డిగ్రీల దగ్గర బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మట్టి, ఇసుక వంటి మలినాలు కరిగి చిట్టెంగా కిందికి జారితే, ఇనుము మాత్రం కరగకుండానే స్పంజి లాంటి ముద్దగా మిగులుతుంది. ఆ ముద్దను ఎర్రగా కాల్చి సమ్మెటతో మళ్లీ మళ్లీ కొడితే లోపల చిక్కుకున్న చిట్టెం చాలావరకు బయటికి వచ్చి, ఇనుము గట్టిపడుతుంది. నాగపూర్ సమీపంలోని నైకుండ్‌లో ఇలాంటి బట్టీ ఒకటి తవ్వకాల్లో దొరికింది. అది క్రీస్తుపూర్వం 700 ప్రాంతానిది. పైగా భూమి పైపొరలో బరువును బట్టి చూస్తే ఇనుము నూటికి దాదాపు 5 పాళ్లు ఉంది, దానితో పోలిస్తే రాగి లేశమాత్రమే. దూరదేశపు వర్తకం మీద ఆధారపడకుండానే, తమ చుట్టుపక్కల దొరికే రాతితోనే లోహం తీయగలగడం పల్లెలకు పెద్ద వెసులుబాటు.

పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన బృహత్ శిలాయుగపు సమాధుల్లో, అంటే మన పల్లెల్లో రాక్షస గుళ్లని పిలిచే ఆ రాతి కట్టడాల్లో, గొడ్డళ్లు, కొడవళ్లు, ఉలులు, కత్తులు, బాణపు మొనలు దొరుకుతున్నాయి. కొన్ని గొడ్డళ్లకు, పిడి కర్ర ఊడకుండా, అడ్డంగా దాటిన ఇనుప పట్టీలు చుట్టి ఉన్నాయి. వాటిని చూస్తే ఇనుమును సాగదీసి, వంచి, చుట్టడం ఆ కమ్మరికి ఎంత అలవాటైన పనో అర్థమవుతుంది. కొడవలి అరిగితే సాగగొట్టవచ్చు, గొడ్డలి విరిగితే దాన్నే ఉలిగా మలచవచ్చు.

ఈ సౌకర్యానికి చెల్లించిన మూల్యమూ ఉంది. రాతి గొడ్డలి మొద్దుబారితే రైతు వాగు ఒడ్డున బండ మీద తానే నూరుకునేవాడు. ఇనుప అంచునూ రాతి మీద నూరుకోవచ్చు గానీ, విరిగినప్పుడు మాత్రం కొలిమి కావాలి, బొగ్గు కావాలి, ఎంత ఎర్రబడితే దెబ్బ వేయాలో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషికి తిండి గింజలు ఊరు ఇవ్వాలి. పంట పండించే కుటుంబానికీ పనిముట్టు చేసే కుటుంబానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఇలా బిగుసుకుంది.

ఇదంతా ఒక తరంలో జరిగింది కాదు. 1947లో పురావస్తు పరిశోధకుడు మార్టిమర్ వీలర్ తవ్విన కర్ణాటకలోని బ్రహ్మగిరిలోనూ, అక్కడే తుంగభద్ర ఒడ్డున ఉన్న హళ్లూరులోనూ పాత, కొత్త పద్ధతులు కొంతకాలం కలిసే సాగినట్టు మట్టిపొరలు చూపుతున్నాయి. హళ్లూరులో ఇనుము క్రీస్తుపూర్వం 1000 ప్రాంతానికే కనిపించింది. ఆ తర్వాతి శతాబ్దాల సమాధుల్లో వాడుకకు పనికొచ్చే ఇనుప వస్తువులను, మళ్లీ కాల్చి మరో పనిముట్టు చేసుకోగలిగినవాటినే, చనిపోయినవారితో పాటు పాతిపెట్టారు. పాతిన ఇనుము స్థానంలో కొత్త ఇనుము దొరుకుతుందన్న నమ్మకం లేని ఊరు ఆ పని చేయడం కష్టం. బట్టీలు అప్పటికే నిలకడగా నడుస్తున్నాయనడానికి నాకు ఇది బలమైన ఆధారంగా తోస్తుంది.