గోడ కింద దొరికిన బొగ్గు

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, చెడ్‌వర్త్ అనే పల్లెకు దగ్గర అడవి అంచున, ఒక రోమన్ భవంతి శిథిలాలున్నాయి. మూడు వైపుల కొండవాలు, దిగువన కోల్న్ నది. 1864లో ఇది బయటపడింది. 1924 నుంచి, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షణలో ఉంది.

రంగురాళ్లు పొదిగిన మొజాయిక్ నేలల కోసమే ఎక్కువమంది ఇక్కడికి వస్తారు. నేనూ అందుకే వెళ్లాను. భోజనశాల నేల మీద ఋతువుల బొమ్మలున్నాయి. శీతాకాలం ముసుగున్న అంగీ తొడుక్కుని, ఒక చేత్తో కుందేలును, మరో చేత్తో ఆకురాలిన కొమ్మను పట్టుకుని ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన కళలో బ్రిటన్ చలి అలా చేరిపోయింది.

ఆ చలిని తట్టుకునే ఏర్పాటు నేల కిందే ఉంది. గచ్చు పగిలిన గదుల్లో వరసగా పొట్టి స్తంభాలు కనిపిస్తాయి. వాటి మీద పలకలు పరిచి, ఆపైన మందంగా గచ్చు వేసేవారు. గది బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే, వేడిగాలి ఆ స్తంభాల మధ్యగా పాకి, గోడల్లో అమర్చిన బోలు పెంకుల గుండా పైకి పోయేది. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది. అది లేస్తున్నకొద్దీ పొయ్యి వైపు నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. విసనకర్ర అక్కరలేదు. అంత మందమైన గచ్చు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, చల్లారడానికీ అంతే. పొగ గదిలోకి రాకుండా, పాదాల కింద వెచ్చదనం మాత్రం నిలిచేది. అయితే కట్టెలు కొట్టి, మోసి, పొయ్యి ఎగదోసినవాళ్లు ఆ మొజాయిక్ మీద కూర్చుని భోంచేసి ఉండరు. ఆ స్తంభాల ముందు నిలబడినంతసేపూ నాకు వాళ్లే గుర్తొచ్చారు.

ఈ భవంతి 4వ శతాబ్దంలో మంచి వైభవంగా వెలిగింది. బ్రిటన్‌లో రోమన్ పాలన 410 ప్రాంతంలో ముగిసింది. ఆ తర్వాత పట్టణాలు, పెద్ద ఇళ్లు త్వరలోనే పాడుబడ్డాయని చాలాకాలం అనుకున్నారు. ఆ అభిప్రాయం వెనక ఒక చిక్కుంది. తవ్వకాల్లో పొరల కాలాన్ని ఎక్కువగా నాణేలు, కుండపెంకులు చూసి లెక్కకడతారు. 5వ శతాబ్దపు మొదటి సంవత్సరాల్లోనే బ్రిటన్‌కు కొత్త నాణేలు రావడం ఆగిపోయింది. కుండలు కాల్చే పెద్ద బట్టీలూ మూతపడ్డాయి. కాబట్టి ఆ తర్వాత ఎవరైనా అక్కడ కాపురమున్నా, వాళ్ల కాలాన్ని చెప్పే వస్తువు మిగలదు. నాణెం దొరకనంత మాత్రాన మనిషి లేనట్టా?

ఈ చిక్కును విప్పింది బొగ్గు. చెడ్‌వర్త్‌లో మొజాయిక్ నేల ఉన్న 28వ గదిని ఏర్పరచడానికి కట్టిన గోడ పునాది గుంతలో బొగ్గు, ఎముక ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. చెట్టు బతికున్నంతకాలం గాలిలోని కార్బన్-14 దానిలో చేరుతూ ఉంటుంది. చనిపోయాక కొత్తది చేరదు. ఉన్నది 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే కాలం తేలుతుంది. ఇక్కడ తేలిన కాలం 424కూ 544కూ మధ్య.

ఇక తర్కం సూటిగా నడుస్తుంది. పునాదిలో పడిన బొగ్గుకంటే గోడ పాతది కాలేదు. గోడ లేనిదే ఆ గది లేదు, గది లేనిదే దాని కొలతకు సరిపోయేలా పరిచిన మొజాయిక్ లేదు. అంటే 424కు ముందు ఆ నేల పడే అవకాశం దాదాపు లేదు. 2020 డిసెంబరులో నేషనల్ ట్రస్ట్ ఈ ఫలితాన్ని ప్రకటించినప్పుడు, బ్రిటన్ చరిత్ర మీద పనిచేసేవాళ్లు నివ్వెరపోయారు. రోమ్ సైన్యం వెళ్లిపోయి పదేళ్లు దాటాక కూడా, ఈ లోయలో ఒక కుటుంబం గది కట్టించుకుని, రాళ్లు పొదిగే పనివాణ్ణి పిలిపించింది.

పనితనం మాత్రం పాత నేలలంత నాణ్యంగా లేదు. అంచు వెంబడి వలయాలు గీసి, ఒకదానిలో పువ్వు, మరొకదానిలో ముడి వచ్చేలా పేర్చారు. అక్కడక్కడా లెక్క తప్పింది. ఆ తప్పులే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. గురువుల దగ్గర పూర్తిగా నేర్చుకునే వీలు అప్పటికి తగ్గిపోయి ఉండవచ్చు. అయినా ఆ చేతులు ఒక్కొక్క రాయినీ ఏరి, తడి సున్నంలో అద్ది, గది అంచు దాకా వచ్చి పని ముగించాయి.