తుప్పును మరిగిస్తే వచ్చే నలుపు

పాత వేట రైఫిల్‌ను చూస్తే, దాన్ని ఎక్కడ పట్టుకుని మోసేవారో ఇట్టే తెలిసిపోతుంది. అమెరికాలో జింకల వేటకు పేరుపడ్డ వించెస్టర్ మోడల్ 94నే తీసుకోండి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన తుపాకీ ఇది. అడవిలో నడిచేటప్పుడు బరువు సమంగా తూగే చోట, అంటే రిసీవర్ (తూటాను గొట్టంలోకి ఎక్కించే యంత్రం ఉండే మధ్య ఉక్కు భాగం) అడుగున, చెయ్యి పడుతుంది. చెమటలోని ఉప్పుకీ రాపిడికీ అక్కడ నలుపు చెరిగి, ఉక్కు వెండిలా తేలుతుంది.

ఆ నలుపు పూసిన రంగు కాదు, తుప్పుకు చుట్టమే. ఎర్ర తుప్పు తేమను పట్టుకుని, పెచ్చులుగా రాలుతూ లోపలి లోహాన్ని తింటూ పోతుంది. నల్లది మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్, సహజ అయస్కాంత శిలలో ఉండేదే. ఇది పలుచని పొరగా ఉక్కును అంటిపెట్టుకుని ఉంటుంది.

పాత బ్యారెల్‌కు, అంటే తుపాకీ గొట్టానికి, ఆ నలుపు మళ్లీ తేవాలంటే ముందు తూటాలు లేవని చూసుకుని, భాగాలు విడదీసి, జిడ్డంతా పోయేలా కడగాలి. బ్యారెల్ చివరలు బిరడాలతో మూసి, ఆమ్ల ద్రావణం పల్చగా పూసి, తేమ ఉన్న పెట్టెలో కొన్ని గంటలు వదిలేస్తారు. ఒళ్లంతా ఎర్రగా తుప్పు పడుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు టెన్షన్ పుట్టడం ఖాయం. దాన్ని అలాగే డిస్టిల్డ్ వాటర్‌లో మరిగిస్తే, కళ్లముందే ఎరుపు కాస్తా మఖమల్ లాంటి నలుపైపోతుంది! కుళాయి నీళ్లయితే లవణాల మచ్చలు పడతాయి. వదులుగా ఉన్న పొడిని మెత్తటి స్టీల్ ఊల్‌తో, అంటే సన్నని ఉక్కు పీచుతో, దులిపితే కింద బూడిదరంగు పొర మిగులుతుంది. మళ్లీ ద్రావణం, మళ్లీ తుప్పు, మళ్లీ మరిగించడం. ఐదారు విడతలకు గానీ రంగు చిక్కబడదు. ఆ పొర సన్న రంధ్రాలమయం కాబట్టి చివర్న నూనె పట్టించాల్సిందే.

ఇక తుపాకీ పిడిగా ఉండే వాల్‌నట్ చెక్క మీద సొట్టలుంటే తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తారు. నలిగిన పీచు ఆవిరికి ఉబ్బి పైకి లేస్తుంది. తర్వాత అవిసె నూనె రుద్దుతారు. అది నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఇనుప పెనానికి నూనె రాసి కాలిస్తే నల్లటి పొర కట్టడం కూడా ఇలాంటిదే. అవిసె నూనె ఇలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే అంటుకోగలదు, జాగ్రత్త! ఆరుబయట విడిగా పరిచి ఆరబెట్టాలి.

నాకు బాధ కలిగించేది గరుకు కాగితంతో బరబరా రుద్దడం. పదునైన అంచులు గుండ్రబడతాయి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, అవి ఇక తిరిగిరావు. అందుకే రిసీవర్ కింది ఆ వెండి మరకను నేనైతే ముట్టుకోను. నూనె గుడ్డతో తుడిచి వదిలేస్తాను.